జలాంతర్గామి కమాండర్ నీమోలర్: యుద్ధం, మనస్సాక్షి

హిట్లర్‌ను ఎదిరించి చెరసాలపాలైన పాస్టర్ మార్టిన్ నీమోలర్ గారి పేరు ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆయన మొదట జలాంతర్గామి కమాండర్. యుద్ధంలో చేసిన పనులకు పశ్చాత్తాపపడి సేవలోకి వచ్చారని కొందరు చెబుతారు. సాక్ష్యంగా వినడానికి బాగుంటుంది గాని, జరిగింది అంత సూటిగా లేదు.

1892లో జర్మనీలోని లిప్‌స్టాట్‌లో ఒక లూథరన్ పాస్టర్ ఇంట పుట్టిన నీమోలర్ 1910లో నౌకాదళంలో కేడెట్‌గా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొంతకాలం తూరింగెన్ అనే యుద్ధనౌకపై పనిచేసి, 1916లో యు-73 జలాంతర్గామిలో అధికారిగా మధ్యధరా సముద్రానికి వెళ్లారు. నౌక తగిలితే పేలే మైన్లను పరచడం దాని ముఖ్యమైన పని. అవి ఎవరిని చంపుతాయో పరిచినవారికి తెలియదు. ఆ ఏప్రిల్‌లో మాల్టా దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక రస్సెల్ వాటికే మునిగింది. నవంబరు 21న గ్రీసు తీరంలో మునిగిన బ్రిటానిక్ అయితే ఆసుపత్రి నౌక, టైటానిక్‌కు సోదరి నౌక. అందులో 30 మంది చనిపోయారు.

1917 జనవరిలో ఆయన యు-39లో ఉన్నారు. ఫ్రెంచి సైనికులతో వెళ్తున్న ఓడను ఆ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. నీళ్లలో పడినవారిని కాపాడడానికి మరో నౌక వచ్చింది. ఆ పని సాగనివ్వకుండా యు-39 అక్కడే తిరిగింది. బతికినవారు రేపు మళ్లీ తమపైకే యుద్ధానికి వస్తారు కదా! మచ్చలేని మనస్సాక్షితో ఈ లోకంలో బ్రతకగలమా అన్న ప్రశ్న ఆ రోజే తనను పట్టుకుందని నీమోలర్ తర్వాత తన పుస్తకంలో రాశారు.

ప్రశ్న పట్టుకుంది గాని, పని ఆగలేదు. యు-151లో మొదటి అధికారి అయ్యారు. 1918లో యుసి-67కు కమాండరై ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు ముందు మైన్లు పరిచారు. జర్మనీ ఓడిపోయాక, జలాంతర్గాములను ఇంగ్లండుకు అప్పగించి రమ్మంటే ఒప్పుకోలేదు. 1919లో నౌకాదళాన్ని వదిలింది కూడా కొత్త ప్రజాప్రభుత్వం కింద పనిచేయడం ఇష్టంలేకనే. ముందు వ్యవసాయం చేద్దామనుకొని పొలం పనికి వెళ్లి, ఆ తర్వాతే మున్‌స్టర్‌లో వేదాంత విద్యలో చేరారు. 1924లో అభిషేకం పొందారు.

ప్రసంగాల్లో తరచు వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. 1937లో అరెస్టయిన నీమోలర్, 1939 సెప్టెంబరులో జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం నుంచే నౌకాదళాధిపతికి ఉత్తరం రాశారు, మళ్లీ యుద్ధసేవ చేస్తానని. సంఘం విషయంలో హిట్లర్‌ను ఎదిరించిన మనిషికి దేశం కోసం యుద్ధం చేయడం అప్పటికింకా తప్పుగా తోచలేదు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన 1945 దాకా చెరలోనే ఉన్నారు.

1954లో శాస్త్రవేత్త ఓటో హాన్ హైడ్రోజన్ బాంబు శక్తి ఎంతటిదో వివరించాక నీమోలర్ యుద్ధాన్నే వ్యతిరేకించసాగారు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. 1961లో మన న్యూఢిల్లీలో జరిగిన మహాసభలో ప్రపంచ సంఘాల మండలి ఆయనను తన అధ్యక్షుల్లో ఒకరిగా ఎన్నుకుంది.