గటక

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో జొన్నలనుగాని మక్కలనుగాని రవ్వగా విసరి, మరుగుచున్న ఎసటిలో పోసి, ఉండ కట్టకుండ కలియబెట్టుచు చిక్కగా నుడికించినదానిని గటక యందురు. మజ్జిగతోనో, పచ్చిపులుసుతోనో, పప్పుతోనో దీనిని తిని తరతరములవారు చేలలో పాటుపడిరి. అయినను అతిథి వచ్చినపుడు దీనిని వడ్డించుటకు గృహస్థులలో పెక్కండ్రు సిగ్గుపడుదురు. ఈ సిగ్గు ఎక్కడినుండి వచ్చినదో విచారింతము.

గింజ పరదేశపుది యను కారణము చెల్లదు. మక్కజొన్న మెక్సికో దేశమున పుట్టి, 1492లో కొలంబసు అమెరికాను చేరిన పిమ్మటనే సముద్రములు దాటినమాట నిజమే. కాని జొన్నలును, సజ్జలును, తైదలును సయితము వేల యేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చినవే. సంస్కృతమున యావనాళమను పేరు పొంది జొన్న మనదైనది. గింజకు కులగోత్రములు లేవు. పండించి వండుకొన్నవారిదే యది.

కారణము నేలలో కలదు. భూపాలపల్లి చేరువ గణపురమునందలి గణపసముద్రమువంటి కాకతీయుల చెరువులు పల్లపు భూములకు నీరిచ్చి వరిని పండించినవి. ఆ నీరెక్కని చెలకలు వానను నమ్ముకొని జొన్నను, నడుమ సాళ్లలో కందిని ఇచ్చెడివి. నిజాము పాలనలో మంచి తరి భూములు పెక్కుచోట్ల దేశముఖుల చేతులలో నుండెను. వరి నాటిన కూలివాని యింట వరియన్నము పండుగనాటి మాట. రెండవ ప్రపంచయుద్ధకాలపు లెవీ ధాన్యపు వసూలు రైతు భారమును మఱింత హెచ్చించెను. 1946 జూలై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటమునకు భూమి, గింజ, వెట్టి మూడును మూలములు. ఇట్లు వరి యధికారమునకు, గటక దారిద్ర్యమునకు గుర్తులైనవి. లోకము తిండిని చూచి కాదు, తినువానిని చూచి దానిని నీచమనెను.

అంతమాత్రమున గటకను పొగడి యూరకుండుటయు న్యాయము కాదు. తెల్లవారకమునుపే లేచి ఇసుర్రాయి త్రిప్పిన స్త్రీల చేతులకు, ఊరికి గిర్ని వచ్చిన దినము విముక్తిదినమే. విసురుపాటలను మెచ్చుకొను పురుషులలో ఆ రాతిని ఒక గడియ త్రిప్పినవారెందఱు?

రోగచరిత్రయు మఱవరానిది. మక్కనే నమ్ముకొన్న ఇటలీ, అమెరికా దేశముల పేదలను పెల్లాగ్రా యను వ్యాధి పీడించెను. అది అంటురోగము కాదనియు, ఆహారలోపమువలన కలుగుననియు 1915 ప్రాంతమున జోసెఫ్ గోల్డ్‌బర్గరు అమెరికాలో నిరూపించెను. మక్కలోని నియాసిన్ అను విటమిను దేహమునకు సులభముగా నందదు. మెక్సికోవాసులు గింజలను సున్నపు నీట నుడికించి యా లోపమును తీర్చుకొనెడివారు. గింజ ఖండములు దాటినది కాని యా యుపాయము దానివెంట రాలేదు. మన దక్కనులో జొన్నయే ముఖ్యాహారమైన పేదలలోను ఈ వ్యాధి కానవచ్చుటను సి. గోపాలన్ మొదలగువారు 1960 ప్రాంతమున హైదరాబాదున పరిశోధించిరి. దీనికి విరుగుడు గింజను వెలివేయుట కాదు. కంచమున పప్పు, ఆకుకూర, పాలు చేర్చుట. చెలకలో జొన్నప్రక్కనే కంది పండినది. ఆ కంది అప్పుక్రింద అంగడికి పోయిన యింట గటక యొక్కటే మిగులును.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన పిదప పేదయింటను వరియన్నము నిత్యాహారమగుచు వచ్చినది. ఇది మేలే, పరిహసింపదగినది కాదు. నేడు మహబూబాబాదు చేలలో మక్క విరివిగా పండుచున్నను, అందు చాలభాగము కోళ్ల దాణాకు పోవుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప పట్టణములలో జొన్నపిండికి గౌరవము హెచ్చినది. తాత దాచుకొని తిన్నదానినే మనుమడు అంగడిలో హెచ్చు వెలకు కొనుచున్నాడు.

చదువరులకు మా విన్నపమొక్కటే. వారమునకొక పూటయైన గటకను పప్పుతో, ఆకుకూరతో వండి, ఇంటివారును పనివారును ఒకే పంక్తిని కూర్చుండి భుజింపుడు. వైద్యుడు చెప్పెనని తినుట సులభము. దానిని తిని బ్రతికినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తినుటయే సంస్కారము.