గట్టూ తూమూ

తెలుగు పండితునికి కంప్యూటర్ల చరిత్రతో ఏమి పని అని నవ్వకండి. పని పడింది.

కొన్నేళ్ళ క్రితం నా టపాలు ఒక ఉచిత సర్వరుపై ఉండేవి. అదే యంత్రంపై ఉన్న పొరుగు సైటొకటి మెమరీనంతా మింగివేయగా నా పుటలు మూడు రోజులు తెరుచుకోలేదు. "మీ ఫోల్డరు వేరే గానీ మాస్టారూ, యంత్రం ఒక్కటే" అన్నాడు మా శిష్యుడు.

నిజాంపట్నం వాళ్ళకు ఈ బాధ కొత్తది కాదు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయి పశ్చిమ డెల్టాకు నీరు పారింది. మావి కాలువ శివారు భూములు. ఎవరి చేనికి వారు ఎంత గట్టైనా వేసుకోవచ్చు; ఎగువవాడు నీరంతా పెట్టుకుంటే శివారువాని గట్టు లోపల మిగిలేవి బీటలే. తూము దగ్గర కొలత ఉండాలి.

కంటైనర్ల చరిత్రలోనూ గట్టే ముందు వచ్చింది. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పులో 'సీహెచ్‌రూట్' పుట్టింది. ఒక ప్రోగ్రాముకు ఒక్క ఫోల్డరునే సమస్త ప్రపంచంగా చూపే ఉపాయమిది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైల్' ఆ గట్టును ఎత్తు చేసింది. లోపల సర్వాధికారి అయినవానికి బయట అధికారం లేదు. 2002 నుండి లినక్స్‌లో నేమ్‌స్పేస్‌లు ఒక్కొక్కటిగా చేరాయి (నామలోకాలు అనవచ్చునేమో!).

నేటి లినక్స్ తూముకు పని 2006లో మొదలైంది. గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ ఆరంభించిన ఆ పనికి తొలి పేరు 'ప్రాసెస్ కంటైనర్లు'. కంటైనరు అన్న మాటకు అప్పటికే నానార్థాలుండడంతో 2007లో 'సీగ్రూప్స్' అని మార్చారు. 2008 జనవరిలో వెలువడిన లినక్స్ 2.6.24లో అది చేరింది. మెమరీకి కొలత పెట్టే భాగం బల్బీర్ సింగ్ కృషి. తరువాతి కూర్పులో వచ్చింది. ఇక ఒక గుంపు తన వంతు మించి మెమరీ వాడబోతే కెర్నల్ ఆ గుంపులోని ప్రోగ్రామునే చంపుతుంది. దండన కఠినమే, కానీ పొరుగు చేను ఎండదు.

2013లో డాకర్ వచ్చి గట్టునూ తూమునూ ఒక్క ఆజ్ఞతో అందరికీ అందించింది. కీర్తి దానికే దక్కింది. తూము కట్టినవాళ్ళను తలచేవారు తక్కువ. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

అయితే కాలువ ఇప్పటికీ ఒకటే. కంటైనర్లన్నీ ఒకే కెర్నల్‌పై బతుకుతాయి. దానికి గండి పడితే అందరి చేలూ మునుగుతాయి. వర్చువల్ మెషీన్ అంటే ఎవరి బావి వారికే. తవ్వకానికి ఖర్చు ఎక్కువ.

మా శిష్యుడు ఇప్పుడు నా టపాలను కంటైనరులో పెట్టాడు. ఎంత వంతు ఇచ్చావని అడిగాను.

"256 మెగాబైట్లు."

"చాలునా?"

"పద్యాలకు ఎక్కువే మాస్టారూ!"