జత కుదరని చుక్కలు

ఒకే చోటును రెండు కోణాల నుంచి ఫొటో తీసి, రెండింటిలోనూ ఒకే చుక్కను గుర్తుపడితే దాని దూరం లెక్కగట్టవచ్చు. కుడి, ఎడమ కళ్ళకు కాస్త తేడాగా కనిపించే బొమ్మల వల్లే మనకు లోతు తెలుస్తుందని 1838లో శాస్త్రవేత్త వీట్‌స్టోన్ తన స్టీరియోస్కోప్‌తో చూపించాడు. విమానం నుంచి తీసిన జంట ఫొటోలతో పటాలు గీసే సర్వేయర్లు చాలాకాలం చుక్కకు చుక్కను కంటితోనే జత కలిపారు. ఆ పని కంప్యూటర్‌కు అప్పగించబోయాకే అదెంత కష్టమో తెలిసింది.

ఒక దారి దొరికింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. అక్కడ 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పి నడిపినవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. ఆ విశ్వవిద్యాలయానికి 1980లో వచ్చిన తకియో కనాదె, బ్రూస్ లూకాస్‌తో కలిసి 1981లో ఒక పద్ధతి ప్రకటించాడు. చుక్క కోసం బొమ్మంతా వెతకక్కర్లేదు. చిన్న ముక్కలో వెలుగు ఎటు పెరుగుతోందో, ఎటు తగ్గుతోందో చూసి, ఎంత జరిపితే రెండో బొమ్మతో సరిపోతుందో లెక్కవేయవచ్చు. స్టీరియో కోసం పుట్టిన ఈ పద్ధతే వీడియోలో కదిలే చుక్కలను వెంటాడడానికీ పనికొచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రకు మలుపు ఇదే: పక్క కెమెరా చూసిన బొమ్మా, మరుక్షణం తీసిన బొమ్మా లెక్కకు ఒకటే.

తర్వాత కనాదె, ఆయన సహచరులు రాండర్, పి.జె. నారాయణన్ 51 కెమెరాల గుమ్మటంలో మనుషుల కదలికలను త్రీడీలో పట్టారు. నారాయణన్ ఆ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి వచ్చాడు. లోతునూ కదలికనూ కలిపి చూసే 'సీన్ ఫ్లో' 1999లో సుందర్ వేదుల బృందం రాసిన పత్రంతో పేరు తెచ్చుకుంది.

మన ఆకాశంలోకి జంట కెమెరాలు 2005 మే 5న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 ఉపగ్రహంతో వెళ్ళాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కు చూసేవి. ఒకే చోటును రెండూ చూడడానికి మధ్య 52 సెకన్ల ఎడం. ఆ జంట బొమ్మల నుంచే దేశపు ఎత్తుపల్లాల పటం, కార్టోడెమ్, తయారైంది.

దాని ఎత్తు లెక్కలో ఎనిమిది మీటర్ల దాకా తేడా ఉండవచ్చు. కొండలకు ఫరవాలేదు. నిజామాబాద్ జిల్లాలోని చందూర్, వర్ని, బోధన్ లాంటి బల్లపరుపు ఆయకట్టుకు మాత్రం చాలదు: మూడు మీటర్ల చెరుకు తోట ఆ తేడాలోనే మునిగిపోతుంది.

డ్రోన్ కిందికి దిగి ఎగురుతుంది కనుక నాటకముందు నేలనూ, పెరిగాక తోటనూ కొలిచి, తేడా తీసి చెరుకు ఎత్తు చెప్పగలదు. కానీ ఆకులన్నీ ఒకేలా ఉంటాయి, పైగా రెండు ఫొటోల మధ్య గాలికి ఊగుతాయి. ఏ ఆకుకు ఏది జతో లెక్కకు అందదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఈ పొలాల్లో వరిదే పైచేయి. నాట్లప్పుడు మడిలో నిలిచిన నీళ్ళు ఒక్కో కోణం నుంచి ఆకాశంలోని ఒక్కో ముక్కను చూపిస్తాయి. అక్కడ కెమెరాలు జత కలిపేది మబ్బులనే, మడిని కాదు.