ఇంగువయు మన మడియు

మన తెలుగువారి యిండ్లలో పోపులపెట్టె మూత తీయగానే ముందుగా పలుకరించునది ఇంగువ. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ కమిలిన పిమ్మట చిటికెడు ఇంగువ పడెనా, ఆ యింట చారు కాగుచున్నదో పులిహోర కలుపుచున్నారో వీధిని పోవువారికే తెలిసిపోవును. ఇంగువపోపు లేనిదే మాగాయకు రుచి రాదందురు. వైభవము పోయినను దాని వాసన పోని వంశమును 'ఇంగువ కట్టిన గుడ్డ' యని మనవారు వాడుకగా చెప్పుదురు. ఉల్లియు వెల్లుల్లియు గడప దాటని యిండ్లలో సయితము ఇంగువ మడివంటలోను, దేవుని నైవేద్యములోను నిరాక్షేపముగా చేరుచున్నది. ఇంతగా మనదైన యీ వస్తువు ఎచ్చట పుట్టినది, ఎవరి చేతుల మీదుగా మన యింటికి వచ్చినది అని అడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్న నడిగినచో దొరకు సమాధానము మన యాచారములను గూర్చి మనమే కొంత యోచించుకొనునట్లు చేయును. కావున దానిని సంగ్రహముగా చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఇంగువ తరతరములుగా మన దేశమున పండిన పంట కాదు. ఫెరులా అను జాతి మొక్కల వేరునుండి కారు పాలు గట్టిపడగా నేర్పడిన జిగురే ఇంగువ. ధనియాలు, జీలకఱ్ఱ, వాము, సోపు ఏ వృక్షకుటుంబమునకు జెందినవో ఈ మొక్కయు ఆ కుటుంబమునకే జెందినది. కాని అవి మన పొలములలో పండును. ఇది ఇరాను, ఆఫ్ఘనిస్థానము, మధ్య ఆసియా దేశముల యెండు కొండలలోను రాతి బయళ్లలోను తనంత తాను పెరుగును. ఈ సంగతికి సంస్కృత నామములే సాక్ష్యము. అమరకోశమున హింగువునకు బాహ్లీకమనియు, రామఠమనియు పర్యాయపదములు కలవు. బాహ్లీకమనగా నేటి ఉత్తర ఆఫ్ఘనిస్థానములోని బల్ఖు సీమ. రామఠులు వాయవ్య దిక్కున నివసించిన జనులు. వారి పేరు మహాభారతమునను వినవచ్చుచున్నది. అనగా మన పూర్వులు ఈ సరకును దాని పుట్టిన యూరి పేరుతోనే పిలిచిరి. అది పరదేశపు వస్తువని వారెన్నడును దాచలేదు, మఱచినవారము మనము.

దీనిని సేకరించు విధమును కన్నులార చూచి వివరముగా వ్రాసిన తొలి ఐరోపీయుడు ఎంగెల్బెర్టు కెంఫరు అను జర్మను వైద్యుడు. ఆయన 1680 తరువాతి యేండ్లలో పారసీక దేశమున నుండి, లారు ప్రాంతపు కొండలలో తాను చూచినదానిని 1712 లో ప్రచురించిన గ్రంథమున వర్ణించెను. నాలుగైదేండ్ల వయసు వచ్చి, ఇంకను పూతకు రాని మొక్కను ఎన్నుకొందురు. వేరు చుట్టునున్న మన్ను త్రవ్వి, కాడను మొదటికి కోసి, వేరు తలను కత్తితో పలుచగా చెక్కుదురు. ఎండ తగులకుండ పుల్లలతోను రాళ్లతోను దానిపై గూడు కట్టుదురు. కొన్ని దినములలో పాలు ఊరి గట్టిపడును. దానిని గీకి తీసి, వేరును మరల చెక్కి, మరల కప్పుదురు. ఇట్లు ఇంచుమించు మూడు మాసములు, వేరు ఎండిపోవువఱకును జరుగును. ఆ కొండలలో ఎండకును గాలికిని ఓర్చి యీ పని చేయువారు పేద పల్లెవాండ్రు. అందఱును దాదాపుగా మహమ్మదీయులు. మన మడివంట పరిమళము మొదట అంటుకొనునది వారి చేతులకు.

ఇంగువ ఒక్క మనకే ప్రియమైనది కాదు. క్రీస్తునకు పూర్వము 329 ప్రాంతమున అలెగ్జాండరు సేనలు హిందూకుష్ పర్వతములను దాటునప్పుడు ఇట్టి మొక్కను చూచినట్లు గ్రీకు చరిత్రకారుడు ఆరియను వ్రాసియున్నాడు. ఆ సైనికులకు దాని వాసన క్రొత్త కాదు. నేటి లిబియా దేశమునందలి సైరీను అను పట్టణమునుండి గ్రీకులకును రోమనులకును 'సిల్ఫియము' అను ఖరీదైన జిగురు వచ్చుచుండెను. నీరో చక్రవర్తి కాలమునకు ఆ మొక్క దాదాపుగా నశించినదనియు, దొరికిన యొకే కాడను ఆ చక్రవర్తికి పంపిరనియు ప్లినీ చెప్పుచున్నాడు. పిదప రోమను వంటవాండ్రు పారసీకపు ఇంగువతోనే తృప్తిపడిరి. అపీషియసు పేర నున్న పాకశాస్త్రమున ఇంగువను పైను గింజల జాడీలో నుంచి, వాసన పట్టిన గింజలను వంటలో వాడవలెనని యుపాయము చెప్పబడినది. కొలదిపాటి ఇంగువ డబ్బాను మూడు చుట్లు చుట్టి దాచు మన గృహిణులకు ఈ పొదుపు సులభముగా అర్థమగును.

ఇప్పుడు మడి మాటకు వత్తము. ఒకే వస్తువును భిన్న జనులు భిన్నరీతుల నెంచిరి. బౌద్ధుల వినయపిటకమున భిక్షువులకు అనుమతింపబడిన యౌషధపు జిగురులలో హింగువు మొదటనే కలదు. అదే బౌద్ధము చీనాకు పోయిన పిమ్మట, అచ్చటి భిక్షువులు విసర్జింపవలసిన యైదు ఘాటు పదార్థములలో ఉల్లి, వెల్లుల్లి జాతుల సరసనే హింగువును చేర్చిరి. కాగా మన దేశమున నేమి జరిగినది? మనుస్మృతి యైదవ యధ్యాయము ద్విజులకు వెల్లుల్లిని, నీరుల్లిని నిషేధించినది. ఆ వెంటనే చెట్లనుండి కారు ఎఱ్ఱని జిగురులను, గాటు పెట్టగా వచ్చు రసములను గూడ వర్జింపుమన్నది. ఇంగువ గాటు పెట్టగా కారినదే గదా! ఇది చెట్టు కాదు, మొక్క వేరు అని పండితులు వాదింపవచ్చును. ఆ వాదమును మేము త్రోసివేయము. కాని ఇష్టమైనదానికి వాదము వెదకుదుము, ఇష్టము లేనిదానికి నిషేధమును వల్లింతుము అను సత్యము ఇందు దాగదు.

ఈ యభిప్రాయభేదమును చక్కగా చూపు వృత్తాంత మొకటి గోవానగరమున 1563 లో అచ్చుపడినది. గార్సియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుడు మన దేశపు ఓషధులను గూర్చి వ్రాసిన గ్రంథమది. భారతదేశమందంతటను ఇంగువ మందుగాను, వంటగాను విశేషముగా చెల్లుచున్నదని ఆయన చెప్పుచున్నాడు. విజయనగరమున నొక పోర్చుగీసువానికి మేలుజాతి గుఱ్ఱ ముండెనట. దానికి కడుపున వాయువు ఎక్కువై యుండుటచే రాజు దానిని కొనలేదు. యజమానుడు పిండిలో ఇంగువ కలిపి పెట్టగా జబ్బు కుదిరినది. రాజు మంచి వెల యిచ్చి కొనెను. ఏ మందు పెట్టితివని యడుగగా వాడు ఇంగువయని చెప్పెను. అట్లయిన వింతలేదు, నీవు దానికి దేవతల యాహారము పెట్టితివని రాజనెను. దయ్యముల యాహారమనుట మేలని ఆ పోర్చుగీసువాడు తన భాషలో లోలోన గొణిగికొనెనట. గుఱ్ఱము మాత్రము దేవతలను దయ్యములను అడుగక తిని బాగుపడినది.

పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయి రేవునకును అంగళ్లకును వచ్చిన సరకును వర్ణించినవారు మఱియొక సంగతి చెప్పుచున్నారు. కాందహారపు మేలిరకము ఇంగువ మేకతోళ్లలో కుట్టబడి, వెండ్రుకలు వెలుపలికి కనబడుచుండ చిన్న మూటలుగా వచ్చుచుండెనట. అట్టి మూటను విప్పి, పొడి చేసి, పొట్లము కట్టి అమ్మగా, అదే మన పూజావేళల వంటలో పడినది. నేటికిని ముడి ఇంగువ ఆ దేశములనుండియే మనకు వచ్చుచున్నది. 2020 నాటి ప్రభుత్వ ప్రకటన ననుసరించి ఏటికి సుమారు 1200 టన్నులు, 600 కోట్ల రూపాయల విలువగలది, దిగుమతియగుచుండెను. ఉత్తరప్రదేశములోని హత్రాసు పట్టణము దానిని శుద్ధిచేసి కలుపు పనికి ప్రసిద్ధి. 2023 లో హత్రాసు ఇంగువకు భౌగోళిక గుర్తింపును లభించినది. ముడి ఇంగువ ఘాటు భరింపరానిది గావున దానిని గోధుమపిండితోగాని వరిపిండితోగాని, తుమ్మజిగురుతోను కలిపి మనకు అమ్ముదురు. ఇట్లు కలిపిన ఇంగువలో సారాయమున కరగు సారము నూటికి 5 పాళ్లకు తగ్గరాదని మన దేశపు ఆహారచట్టము విధించినది. అనగా డబ్బాలో నున్నది చాలవఱకు పిండియే. గోధుమ సరిపడనివారు డబ్బాపై వ్రాసినది చదివి కొనుట మంచిది.

ఇక వాసన యెచ్చటిదో చూతము. ఇంగువలో జిగురును, సజ్జమును గాక నూటికి సుమారు 10 నుండి 17 పాళ్లవఱకు ఎగిరిపోవు తైలము కలదు. ఆ తైలమున గంధకముతో గూడిన పదార్థము లుండుటచేతనే దానికి ఆ ఘాటు. ఉల్లికిని వెల్లుల్లికిని వాసన నిచ్చునవియు గంధకపు పదార్థములే. కాబట్టియే ఉల్లి లేని వంటలో ఇంగువ ఉల్లి పని చేయుచున్నది. నాలుక వీనిని చుట్టములుగా గుర్తించినది. మన యాచారము మాత్రము ఒకదానిని పీటపై కూర్చుండబెట్టి, మఱియొకదానిని వాకిట నిలిపినది.

వైద్యవిషయమునను మన శ్రద్ధ విచారణతో గూడియుండవలెను. ఆయుర్వేదము ఇంగువను దీపనముగా, వాతహరముగా చెప్పినది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, సైంధవలవణము, జీలకఱ్ఱ, నల్లజీలకఱ్ఱ, ఇంగువ అను ఎనిమిదింటిచే చేయు హింగ్వష్టకచూర్ణమును నేతితో మొదటి ముద్దలో తినుట పూర్వపద్ధతి. ముడి ఇంగువను నేతిలో వేయించి శుద్ధిచేయు నియమమును కలదు. మన పోపు ఆ నియమమునకు చెల్లెలివంటిది. కందిపప్పు, సెనగలు మొదలగు వాయువు చేయు పదార్థములలో ఇంగువ వేయుట అనుభవము నేర్పిన తెలివి. ప్రయోగశాలలలో జంతువుల ప్రేగులపై చేసిన పరీక్షలలో ఇంగువ సారము బిగిసిన కండరమును సడలించినట్లు కనబడినది. మనుష్యులపై జరిగిన పరిశోధనలు మాత్రము స్వల్పములు. కావున ఇది అజీర్తికి తోడ్పడునని చెప్పవచ్చును గాని, సర్వరోగములను మాన్పునని చెప్పరాదు. 1918 లో ఇన్‌ఫ్లూయెంజా వ్యాపించినప్పుడు అమెరికా దేశమున అనేకులు ఇంగువ మూటలను మెడకు కట్టుకొనిరి. మహమ్మారి ఆ మూటలను లెక్కచేయలేదు.

మఱియొక హెచ్చరిక తల్లులకు ముఖ్యమైనది. కడుపు ఉబ్బి యేడ్చు పసిబిడ్డకు బొడ్డు చుట్టును ఇంగువనీరు పూయుట మన యిండ్లలో పూర్వమునుండి కలదు. పైపూత వేఱు, లోనికిచ్చుట వేఱు. గ్లిసరినులో కలిపిన ఇంగువను కడుపులోనికి ఇచ్చిన పిమ్మట ఒక పసికందు రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి అపాయము గలిగినట్లు 1984 లో అమెరికా వైద్యపత్రిక యందు ప్రకటింపబడినది. అమ్మమ్మలు చెప్పినదెల్ల అబద్ధమని మా యభిప్రాయము కాదు. అమ్మమ్మ చెప్పినదనుటయే ప్రమాణము కాదని మాత్రము మా మనవి. గర్భిణులును మందు మోతాదున దీనిని వైద్యుని యడుగక తినరాదు.

2020 అక్టోబరు 15 వ తేదీన హిమాచలప్రదేశములోని లాహౌలు లోయయందు, క్వారింగు గ్రామమున, ఇరానునుండి తెచ్చిన విత్తనములతో పెంచిన ఇంగువ మొక్కను పాలంపురపు శాస్త్రజ్ఞులు నాటిరి. మన నేలపై ఇంగువను పండింపవలెనను ఈ యుద్యమము శ్లాఘనీయము. అది ఫలించినచో ఒక విశేషము నెఱవేరును: వేల యేండ్లు మనది కాకయే మనదైన వస్తువు, కట్టకడపట నిజముగా మన మంటిలో వేరూనును.

చదువరులారా, మేము ఎవరి యాచారమును పరిహసించుట లేదు. ఉల్లి తినని వారు తినకుందురు గాక. అది వారి యిష్టము. కాని అద్దెయిల్లు వెదకుకొనుచు వచ్చినవారిని 'మీరేమి వండుదురు?' అని యడిగి, ఆ సమాధానమును బట్టి గడప దాటనిచ్చుటయో మాన్పుటయో చేయువారు నేటికిని మన పట్టణములలో కలరు. తోటి మనుష్యుని వంటవాసనను బట్టి వాని యోగ్యతను నిర్ణయించు ఆ గృహస్థుని వంటయింటిలో, పోపులపెట్టె మూలనున్న చిన్న డబ్బాలో, ఆఫ్ఘను కొండలలోని పేదవాని శ్రమ నిదురించుచున్నది. వానిని మనము ఇంటిలోనికి పిలువలేదు. వాని చేతిపంటను మాత్రము దేవుని యెదుట పెట్టుకొంటిమి. ఇంగువకు లేని యంటు మనుష్యునకు ఎట్లు వచ్చినదో, మరునాడు పోపు పెట్టునప్పుడు ఒక్క క్షణము తలచుకొనవలసినదని ప్రార్థించుచున్నాము.