అమెరికా స్వాతంత్ర్యము: అర్జీలనుండి ప్రకటనము వరకు

రాజు ప్రజలవద్ద పన్ను గైకొనుట, తేనెటీగ పూవునుండి తేనె గైకొనునట్లుండవలెనని మన పూర్వులు చెప్పిరి. పూవు వాడరాదు, తేనెకు లోటు రారాదు. ఎంత గైకొనవలెనను ప్రశ్నకు ఈ పోలిక చక్కని సమాధానము. కాని పూవు సమ్మతి లేకయే తేనె గైకొనవచ్చునా యను ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్న పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాలో పుట్టెను. అది పుట్టిన పండ్రెండేండ్లలో ఒక సామ్రాజ్యము చీలి, ఒక నూతన రాజ్యము వెలసెను.

అమెరికా తూర్పు తీరమున 1607లో మొదలైన ఆంగ్లేయ వలసలు 1733 నాటికి పదుమూడైనవి. వానికి వేరువేరు శాసనసభలుండెను. వర్జీనియా సభ 1619లోనే సమావేశమైనది. స్థానిక వ్యయములకు కావలసిన పన్నులను ఆ సభలే నిర్ణయించుకొనుచుండెను. లండనులోని పార్లమెంటు వారి సముద్ర వ్యాపారమును కట్టుబాటు చేయుచుండెనే కాని వారి యింటి లెక్కలలో చేయి పెట్టియుండలేదు. వలసవారును తాము ఆంగ్లేయులమేయని గర్వముతో చెప్పుకొనుచుండిరి.

1756 మొదలు 1763 వరకు ఫ్రెంచివారితో సప్తవర్ష సంగ్రామము జరిగెను. 1759లో మన మచిలీబందరు ఫ్రెంచివారినుండి ఆంగ్లేయులవశమైనది ఆ యుద్ధములోనే. విజయము లభించెను గాని బ్రిటను ఋణము దాదాపు రెట్టింపాయెను. అమెరికాలో పదివేల సైన్యము నిలుపవలెననియు, దాని వ్యయములో కొంత వలసలే భరించుట న్యాయమనియు మంత్రులు తలంచిరి. ఆ మాట వినుటకు అన్యాయముగా తోచదు. వివాదమంతయు దానిని అమలుపరచిన విధమునందు కలదు.

1764లో చెరకు మడ్డిపై గాలనునకు 6 పెన్నీలుండిన సుంకమును 3 పెన్నీలకు తగ్గించిరి. కాని పూర్వపు సుంకము సరిగా వసూలగుట అరుదు. క్రొత్తదానిని కఠినముగా వసూలు చేయ నారంభించిరి. చిట్టాలో భారము సగమాయెను, చెల్లించువానికి మాత్రము హెచ్చెను. 1765లో స్టాంపు చట్టము వచ్చెను. దస్తావేజులు, వార్తాపత్రికలు, పంచాంగములు, తుదకు పేకముక్కలు గూడ ముద్రగల కాగితముపైననే యుండవలెనని శాసించిరి. ఇంగ్లండు ప్రజలు అంతకు హెచ్చు స్టాంపు సుంకమునే చెల్లించుచుండిరి. కావున ఇది సొమ్ము మొత్తమును గూర్చిన తగవు కాదు. పార్లమెంటులో తమ ప్రతినిధి యొక్కడైనను లేనప్పుడు తమపై పన్ను వేయు హక్కు దానికెట్లు కలుగునని వలసవారు ప్రశ్నించిరి.

ఆ యేటి అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కులో కూడి రాజునకును పార్లమెంటునకును అర్జీలు వ్రాసిరి. బోస్టనులో మూకలు అధికారుల గృహములను ధ్వంసము చేసెను. వర్తకులు ఆంగ్ల వస్తువులను దిగుమతి చేయమని కట్టుబాటు చేసికొనిరి. 1766 మార్చిలో స్టాంపు చట్టము రద్దయ్యెను. కాని ఎట్టి విషయమునందైనను వలసలకు శాసనము చేయు నధికారము తమకు కలదని అదే దినమున పార్లమెంటు వేరొక చట్టము చేసెను. పద్దు కొట్టివేసిరి గాని పద్దు వ్రాయు కలమును తమ చేతనే యుంచుకొనిరి.

ఆ కలము మరుసటి యేడే కదలెను. 1767లో గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకు అను వానిపై సుంకములు విధించిరి. ఈసారి వలసవారు పూర్వముకంటె గట్టిగా దిగుమతులను మానుకొనిరి. స్త్రీలు గుంపులుగా కూడి రాట్నములు త్రిప్పి, తమ నూలుతో నేసిన వస్త్రములనే ధరింపజొచ్చిరి. 1770 మార్చి 5వ తేదీన బోస్టను వీధిలో సైనికులు కాల్పగా ఐదుగురు మరణించిరి. ఆ సైనికుల పక్షమున వాదించుటకు వలసల హక్కులకై పోరాడుచున్న జాన్ ఆడమ్సే ముందుకు వచ్చెను. తమవారు మరణించినను న్యాయవిచారణ తప్పరాదని ఆయన నమ్మిక. ఆ సంవత్సరమే తేయాకుపై పౌనునకు 3 పెన్నీలు తప్ప తక్కిన సుంకములు రద్దయినవి. హక్కునకు గుర్తుగా ఆ యొక్కటి మిగిలెను.

1773లో ఆ తేయాకే నిప్పురవ్వ యయ్యెను. ఈస్టిండియా కంపెనీ అప్పులలో మునిగియుండగా దాని గిడ్డంగులలో తేయాకు రాసులుగా పడియుండెను. 1765లో ఢిల్లీ పాదుషావద్ద ఫర్మానా పొంది, మరుసటి యేట నిజాముతో సంధి చేసికొని మన ఉత్తర సర్కారులను గైకొన్నది ఈ కంపెనీయే. దాని నుద్ధరించుటకై, తేయాకును నేరుగా అమెరికాలో చౌకగా అమ్ముకొనుటకు పార్లమెంటు అనుమతించెను. ధర తగ్గినను మూడు పెన్నీల సుంకము నిలిచియుండెను. చౌకసరుకుతో తమ హక్కును కొనజూచుచున్నారని వలసవారు గ్రహించిరి. డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో మూడు ఓడలనుండి 340 పెట్టెల తేయాకును సముద్రములో పారబోసిరి.

పార్లమెంటు 1774లో ఆ రేవును మూసివేసెను. మసాచుసెట్సు ప్రజల గ్రామసభలను గూడ నిర్బంధించెను. ఒక్క పట్టణమును శిక్షించిన తక్కినవి భయపడునని వారి యెన్నిక. కాని దక్షిణ కరోలినానుండి బియ్యము, కనెక్టికటునుండి గొఱ్ఱెలు బోస్టను ప్రజలకు వచ్చెను. సెప్టెంబరులో పండ్రెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో వడ్రంగుల సంఘ భవనమున సమావేశమైరి. ఆ భవనపు మేడపై నొక గ్రంథాలయముండెను. 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిను మిత్రులతో కలిసి చందాలపై స్థాపించినదది. ప్రతినిధులకు కావలసిన పుస్తకములనెల్ల ఈయవలసినదని దాని పాలకులు ఉత్తరువు చేసిరి. దిగుమతుల నిషేధమును కనిపెట్టుటకు ఊరూర సంఘములు నియమింపవలెనని ఆ మహాసభ నిర్ణయించెను. ఆ సంఘములే క్రమముగా పరిపాలన చేయసాగెను. స్వాతంత్ర్యమను పేరు పుట్టకమునుపే దాని పని సాగుచుండెను.

1775 ఏప్రిల్ 19వ తేదీన లెక్సింగ్టను, కాంకర్డు గ్రామములలో యుద్ధము మొదలయ్యెను. అయినను జూలైలో మహాసభ రాజునకు మరియొక అర్జీ పంపెను. ఉద్యోగపర్వమున సేనలు కూడుచుండగనే రాయబారములు నడచినట్లు, ఇక్కడను శాంతియత్నము తుదివరకు సాగెను. మూడవ జార్జి దానిని స్వీకరింపక, వారిని తిరుగుబాటుదారులుగా ప్రకటించెను. అంతవరకు మంత్రులు చెడ్డవారు, రాజు మంచివాడు అని వలసవారు నమ్మియుండిరి. ఆ నమ్మకము సడలెను.

సడలినదానిని తెంపినవాడు థామస్ పెయిను. ఇంగ్లండునుండి వచ్చి రెండేండ్లయినను నిండని ఆయన 1776 జనవరిలో 'కామన్ సెన్స్' అను చిన్న పుస్తకమును ప్రచురించెను. వంశపారంపర్యముగా ఒకడు పలువురిని ఏలుటయే తర్కమునకు నిలువదని సామాన్యులకు తెలియు భాషలో వ్రాసెను. పుస్తకము చేతులు మారెను. చదువురానివారికి వచ్చినవారు చదివి వినిపించిరి. ఏప్రిలులో ఉత్తర కరోలినా, మేలో వర్జీనియా స్వాతంత్ర్యమునకు సమ్మతించెను. జూలై 2వ తేదీన మహాసభ స్వాతంత్ర్యమును తీర్మానించి, 4వ తేదీన జెఫర్సను రచించిన ప్రకటనమును అంగీకరించెను. న్యూయార్కు ప్రజలు రాజుయొక్క సీసపు విగ్రహమును పడద్రోసిరి. ఆ సీసముతో 42,088 తుపాకి గుండ్లు పోసినట్లు లెక్క వ్రాసియుంచిరి.

ఈ లెక్కలో బాకీలును కలవు. మానవులందరు సమానులని ప్రకటించిన నాడు ఆ దేశ జనులలో ఐదవవంతు బానిసలు. బానిస వ్యాపారమును ఖండించు వాక్యములను మహాసభ ప్రకటనమునుండి తొలగించెను. ఆ బాకీలో బానిసత్వ నిర్మూలనము 1865 వరకు జరుగలేదు. 1781లో యార్కుటౌనున లొంగిపోయిన కారన్‌వాలిసు 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తు నిర్ణయించెను. 1802 మొదలు అది మన సర్కారులకును వచ్చెను. అమెరికాలో అడుగక పన్ను వేయు హక్కును కోల్పోయినవారు, ఇక్కడ జమీందారులతో ఒడంబడిక చేసికొనిరి. దున్నువానిని అడిగినవారు లేరు.

అమెరికావారు ప్రశ్న అడుగగలుగుటకు ధైర్యమొక్కటియే కారణము కాదు. వారికి సభలుండెను, పత్రికలుండెను, చదివి వినిపించువారుండిరి. పన్ను ఎంతయని అడుగుట ఎవరికైనను తెలియును. వేయుటకు నీవెవరవని అడుగుటకు మాత్రము చదువు కావలెను, పదిమంది కూడి మాటలాడుకొనుటకు చోటు కావలెను. ఊరికొక గ్రంథాలయము ఆ రెండింటిని సమకూర్చగలదు.