ఖవ్వాలీ బ్యాంజో మీద జాజ్ స్కేలు

హైదరాబాదు పాతబస్తీలో ఖవ్వాలీ వినేవాళ్లకి బ్యాంజో అంటే ముందు పెట్టుకుని వాయించే పొడుగాటి చెక్కపెట్టె. ఎడమ చేతి వేళ్ల కింద టైపురైటరు మీటల్లాంటి మీటలు, కుడి చేతిలో తీగలు మీటే చిన్న బిళ్ల. ఖవ్వాల్ ఊపిరి తీసుకునే సందులో చప్పట్లనీ ఢోలక్‌నీ దాటుకుని గలగలమని వినపడేది దాని గొంతే. అయినా శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లలో దానిమీద ఒక చిన్నచూపు ఉంది. తిరునాళ్లలో పిల్లలకి కొనిచ్చే బుల్‌బుల్ అదేననీ, సారంగి నేర్చుకునే ఓపిక లేనివాళ్లు దాన్ని పట్టుకున్నారనీ అంటారు. ఈ మాట నిజం కాదని నా అభిప్రాయం. దానిమీద ఒక జాజ్ స్కేలు సాధన చేసి చూస్తే, స్వరాల లోటు ఎక్కడా కనిపించదు. దాన్ని ఖవ్వాలీకి కట్టిపడేసింది బృందంలో దానికి అప్పజెప్పిన పని.

ముందు వంశవృక్షం సరిచూసుకోవాలి. జాజ్‌లో వాయించిన బ్యాంజో పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తీసుకుపోయినవాళ్ల జ్ఞాపకంలోంచి అమెరికాలో పుట్టింది. 1925లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందంతో రికార్డులు ఇచ్చినప్పుడు జానీ సెయింట్ సిర్ వాయించింది దాన్నే. మన పెట్టె దానికి చుట్టం కాదు. 1912లో జపాన్‌లోని నగోయాలో మోరితా గోరో తయారుచేసిన తైషోగోతో అనే వాయిద్యం దీనికి మూలం, టైపురైటరు మీటల ఆలోచన కూడా అక్కడిదే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో అది మన దేశం చేరి బుల్‌బుల్ తరంగ్ అయింది, ఖవ్వాలీ వాళ్ల నోట బ్యాంజో అయింది. నిజాం కొలువులో ఆఫ్రికా సైనికులు ఉండేవాళ్లు కాబట్టి వాళ్ల ద్వారానే బ్యాంజో నగరానికి వచ్చిందని కథ అల్లాలనిపిస్తుంది. అల్లకూడదు. ఆఫ్రికా, అరబ్బు సైనికుల నుంచి హైదరాబాదు పెళ్లిళ్లకి దక్కింది మర్ఫా అనే వాయిద్య మేళం.

ఖవ్వాలీకి ఈ పెట్టె ఎందుకు పనికొచ్చింది? సారంగికి ప్రధాన తీగల కింద అనుధ్వనినిచ్చే తీగలు ముప్పైకి పైగా ఉంటాయి. పాట మారి రాగం మారితే వాటిని మళ్లీ శ్రుతి చేసుకోవాలి, దర్గా ఉర్సు రాత్రి అంత వ్యవధి ఎవరిస్తారు? హార్మోనియం ఆ ఇబ్బంది తీర్చింది గానీ, దాని నాదం సాగుతూ గాయకుడి గొంతులో కలిసిపోతుంది. బ్యాంజో స్వరం టక్కున పుట్టి టక్కున ఆరిపోతుంది కనుక లయకి అంచు పెడుతుంది. మీటల వాయిద్యంలో గమకం ఎక్కడుందని అడిగేవాళ్ల మాటలో నిజముంది. తీగని లాగి స్వరాన్ని వంచే వీలు అందులో బాగా తక్కువ. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని వెలివేసింది కూడా ఈ మాట మీదే. 1971లో ఆ నిషేధం సడలింది, హైదరాబాదు ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి పద్మశ్రీ వచ్చిందీ ఆ ఏడే. రేడియో వద్దన్న ముప్పై ఏళ్లూ దర్గాల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద గమకాలు పలికించి, తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని జాజ్ వాళ్లతో సమానంగా వాయించాడు. కానీ ఆయన ఉదాహరణ ఇక్కడ సగమే అతుకుతుంది. మాండొలిన్‌లో వేలు తీగనే తాకుతుంది, బ్యాంజోలో వేలికీ తీగకీ మధ్య మీట అడ్డం.

ఇక స్కేలు. జాజ్ వాళ్లు మెలొడిక్ మైనర్ అనేదాన్ని యూరప్ పద్ధతిలో దిగేటప్పుడు మార్చరు, ఎక్కినట్టే దిగుతారు. మన లెక్కలో అది 23వ మేళకర్త గౌరీమనోహరి. తెల్ల ఒకటిని షడ్జం చేసుకుంటే బ్యాంజో మీద ఒక్క గాంధారమే పై వరస మీటకి పోతుంది, మిగతా ఆరూ కింది వరసలోనే. ఖవ్వాల్ నల్ల ఒకటిలో పాడతానంటే అంతా తారుమారు: గాంధారం, నిషాదం మాత్రం కింద, మిగతా అయిదూ పైన. తీగల శ్రుతి మార్చకుండా గాయకుడి వెంట పోవాలంటే అన్ని షడ్జాల నుంచీ పల్టాలు, అంటే స్వరాల్ని వరసలు మార్చి తిప్పే సాధనలు, వేళ్లకి పట్టి ఉండాలి. జాజ్ విద్యార్థి ప్రతి స్కేలునీ పన్నెండు స్థానాల్లో తిప్పేదీ ఇదే కసరత్తు. మధ్యమం నుంచి మొదలెడితే అవే మీటలు వాచస్పతి, పంచమం నుంచి అయితే చారుకేశి. ఇలా షడ్జం జరిపి రాగం మార్చే గ్రహభేదం తెలిసినవాడికి జాజ్ పాఠంలో సగం ముందే వచ్చేసినట్టు.

మరి ఇన్ని ఉండగా పాతబస్తీ బ్యాంజో జాజ్ దారి ఎందుకు పట్టలేదు? కార్డుల వల్ల, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తుల వల్ల. జాజ్‌లో కింద కార్డు మారుతుంటే పైన స్కేలు మారుతుంది, స్వరాల వరస వాయించేవాడి ఇష్టం. ఖవ్వాలీలో షడ్జం కదలదు. ఆ ఆధారం మీద అవే ఏడు స్వరాల్ని, ఎక్కేటప్పుడు రిషభం, ధైవతం వదిలి, దిగేటప్పుడు అన్నీ తాకుతూ వాయిస్తే వినేవాళ్లు పట్‌దీప్ రాగం అని తల ఊపుతారు. పోనీ, పక్కనున్న హార్మోనియం కార్డులు పట్టొచ్చు కదా అంటే, దాన్ని వాయించేవాడి ఎడమ చెయ్యి తిత్తి ఊదడానికే సరిపోతుంది, కుడి చెయ్యి గాయకుడి వరస వదిలి ఎక్కడికీ పోదు.