హవాదార్ మకాన్

పాతబస్తీలో కిరాయి ఇల్లు వెతికే పెద్దవాళ్లు ఒకప్పుడు ముందుగా అడిగే మాట "ఘర్ హవాదార్ హై?" అనే. గాలి ఆడే ఇల్లేనా అని. కిరాయి ఎంత, నల్లా ఎప్పుడొస్తుంది లాంటివన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు అవే గల్లీల్లో వినిపించే ప్రశ్న "ఏసీ పాయింట్ ఉందా?" ఈ రెండు ప్రశ్నల మధ్య పెద్ద తారీఖే ఉంది. చల్లదనం కోసం మనం యంత్రాలు మార్చుకున్నామని అనుకుంటాం. దాంతోపాటు ఇంట్లో పీల్చే హవా కూడా మారిపోయింది.

పాత మకాన్ల నక్షా చూడండి. మధ్యలో సహన్, దాని చుట్టూ దాలాన్లు, గదుల్లో పైకప్పుకు దగ్గరగా రోషన్‌దాన్లు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేచి రోషన్‌దాన్ గుండా బయటికి పోతుంది. దాని జాగాలోకి కింది నుంచి కొత్త గాలి వస్తుంది. ఎండాకాలం తలుపులకు ఖస్ టట్టీలు, అంటే వట్టివేళ్ల తడికలు కట్టేవారు. భిష్తీ తన మష్క్‌లోని నీళ్లతో వాటిని తడిపేవాడు. బయటి లూ ఆ తడి వేళ్లలోంచి దూరేటప్పుడు నీరు ఆవిరై, గాలిలోని వేడిని లాగేసుకునేది. ఖస్ గురించి అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలోనే రాశాడు. అంగ్రేజుల కాలంలో ఇదే ఉసూల్ మీద చెక్కపెట్టె, చేత్తో తిప్పే పంఖా, ఖస్ తడికలు కలిపి థర్మాంటిడోట్ అనే యంత్రం చేశారు. మన కూలర్‌కు దాదా అనుకోవచ్చు. ఈ ఏర్పాట్లన్నిటిలో ఒక సంగతి మాత్రం మారలేదు. చల్లబడేది బయటి నుంచి వచ్చే తాజా గాలే. చల్లదనం, తాజాదనం రెండూ ఒకే పనిగా జరిగేవి.

"వో జమానా అచ్ఛా థా" అనడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ చల్లదనం భిష్తీ భుజం మీద, రాత్రంతా తాడు లాగే పంఖావాలా నిద్ర మీద నిలబడింది. అంతకన్నా తక్లీఫ్ కలిగించే మాట ఇంకొకటి ఉంది. హవాదార్ మకాన్లోనూ హవా అందరికీ సమానంగా అందలేదు. ఆర్థర్ లాంకెస్టర్ అనే డాక్టర్ హిందుస్తాన్‌లో క్షయ వ్యాధి గురించి 1920లో ఒక కితాబ్ ప్రచురించాడు. గాలి, వెలుతురు రాని జనానాల్లో బతికే పర్దా ఆడవాళ్లకు ఆ బీమారీ ముప్పు ఎక్కువని అందులో హెచ్చరించాడు. అంగ్రేజు డాక్టర్ మన రివాజ్‌ను తప్పుబట్టాడు కదా అని కొట్టిపారేయలేం. పర్దాకు కిటికీ లేని గోడ అక్కర్లేదని మన చిల్మనే చెబుతుంది. వెదురు పుల్లల ఆ తెర చూపును ఆపుతుంది, గాలిని ఆపదు. చిల్మన్ చాలే చోట గోడ కట్టింది మజహబ్ కాదు, మనుషులు.

హవా అంటే సెహత్ అనే ఖయాల్ ఆ రోజుల్లో బలంగా ఉండేది. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు హైదరాబాద్‌ను కుదిపేశాయి. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసి, వెడల్పు సడక్‌లు వేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం దాని పనుల్లో ఒకటి. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. మన వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద కూడా నిజాం కాలంలోనే క్షయ దవాఖానా వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ 1943లో బయటపడింది. అప్పటిదాకా మంచి ఖానా, ఆరామ్, తెరిచిన కిటికీ, ఇవే దవా.

ఏసీ పుట్టుక కథ దీనికి ఉల్టా. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు ఇది మరీ దిల్‌చస్ప్‌గా అనిపిస్తుంది. 1902లో విలిస్ కారియర్ తన యంత్రాన్ని మనుషుల కోసం తయారుచేయలేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ఛాపాఖానాలో గాలి తేమకు కాగితం సాగి ముడుచుకుపోతుంటే, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి చేశాడు. కాగితానికి సాఁస్ అక్కర్లేదు, మనిషికి కావాలి. మన ఇళ్లలో గోడకు బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. లోపలి పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య తిరిగేది గ్యాస్ మాత్రమే. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ లాగి, చల్లబరిచి వదులుతుంది.

మూసిన గదిలో మనం వదిలే ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. గాలి ఎంత పాతబడిందో దాన్నిబట్టి కొలవవచ్చని జర్మన్ సైంటిస్ట్ పెటెన్‌కోఫర్ 1858లోనే చెప్పాడు. అయినా 1973లో అరబ్ దేశాలు తేల్ ఆపినప్పుడు అమెరికా కరెంటు ఖర్చు తగ్గించుకోవాలని చూసింది. భవనాల్లో మనిషికి నిమిషానికి 15 ఘనపుటడుగులుగా ఉన్న బయటి గాలిని 5కు తగ్గించారు. ఆఫీసుల్లో తలనొప్పి, కళ్లమంట, నీరసం మొదలయ్యాయి. దానికి సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అని పేరొచ్చింది. 1989లో మళ్లీ 15కు పెంచారు. అక్కడ దఫ్తర్లు నేర్చుకున్న సబఖ్ మన పడకగదుల దాకా ఇంకా రాలేదు. కోవిడ్‌లో మసీదుల దరీలు తీసి, కిటికీలు బార్లా తెరిచాం. బీమారీ తగ్గింది, కిటికీలు మళ్లీ మూతపడ్డాయి.

ఈ మసలా ఇప్పుడు మా ఇంట్లోనూ నడుస్తోంది. అమ్మీకి దమా. కూలర్ తీసేసి ఏసీ పెట్టాలని తమ్ముడి మష్వరా. అతని మాటలో నిజముంది. కూలర్ తేమకు గోడలు బూజు పడతాయి. నీళ్లు మార్చకపోతే తొట్టిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక అది చల్లబరిచేదీ తక్కువే. దమా ఉన్నవాళ్లకు బూజు దుష్మన్. ఏసీ తేమను తగ్గిస్తుంది, జాలీ కడుగుతూ ఉంటే ధూళినీ కొంత పడుతుంది. కానీ మూసిన గదిలో దోమల చక్రం పొగ, జుమేరాత్ నాటి ఊదు పొగ, బావర్చీఖానా నుంచి వచ్చే తాళింపు ఘాటు ఎక్కడికీ పోవు. వాటిని అమ్మీయే రాత్రంతా పీల్చాలి.

అందుకే ఏసీకి సరేనన్నాను, కొన్ని షరతులతో. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలి. అమ్మీ గదిలో చక్రం, ఊదు బంద్. ఏసీ జాలీ పదిహేను రోజులకోసారి కడగాలి. ఫజర్ నమాజ్ తర్వాత, సడక్ మీద బళ్ల పొగ మొదలయ్యేలోపు, కిటికీలన్నీ కాసేపు తెరవాలి. చల్లదనం బయటికి పోతుంది, రోషన్‌దాన్ ఇటుకలతో మూసేస్తానని మేస్త్రీ అన్నాడు. వద్దన్నాను. దానికి తెరిచి మూసే అద్దం తలుపు, దోమల జాలీ పెట్టమన్నాను. పగలు కాస్త కరెంటు ఎక్కువ కాలితే కాలనీ. రాత్రి మాత్రం ఆ తలుపు రెండు వేళ్లంత తెరిచే ఉంటుంది.